ఖాళీ చేయని బుట్ట

నా కంప్యూటరులో చోటు అయిపోయిందని ఎర్రగీత హెచ్చరించిన ఉదయం నేను విగ్రహానికి కన్ను తెరిచే అధ్యాయం దిద్దుతున్నాను. రెప్ప అంచుకూ కనుపాపకూ నడుమ ఎంత వదలాలో మా మరిది చెప్పిన మాట ఎక్కించి, భద్రపరచమని మీట నొక్కాను. వీలుకాదన్నది యంత్రం. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే జవాబు. నంద్యాల ఎండ అప్పటికే కిటికీ ఊచల్ని కాల్చేస్తోంది. ఇంకొకసారి నొక్కడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఎందుకంటే ఆ పుస్తకం నాది కాదు. మా మరిది, అంటే కాలం చేసిన నా భర్తకు తమ్ముడు, ఆళ్ళగడ్డలో శిల్పి. నా భర్త ఉలి పట్టలేదు, కచేరీ ఉద్యోగం చేశారు. ఆ ఇంటి విద్య మరిది చేతుల్లోనే మిగిలింది. రాయి కోసే మిషన్లు వచ్చాక ఆ పని షెడ్డులో లేచిన ధూళి ఏళ్ళ తరబడి అతని ఊపిరితిత్తుల్లో పేరుకుంది. మూతికి గుడ్డ కట్టుకొమ్మని చెప్పినవారు లేరు. కట్టుకోనివాళ్ళను నిలదీసినవారూ లేరు. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది, ఎవరి మీద చూపాలో తెలియని కోపం. ఇప్పుడతను నాలుగు మాటలు వరుసగా మాట్లాడితే దగ్గు అందుకుంటుంది. ఎక్కువ మాట్లాడవద్దని డాక్టరు చెప్పిన తరువాతే, తనకు తెలిసిన కొలతలన్నీ పుస్తకంగా రావాలని అతనికి పట్టుదల పుట్టింది. అలా ఉంటుంది ఆ ఇంటివాళ్ళ వరస.

ఊపిరి బాగున్న పూట అతను షెడ్డు పక్కనే ఉన్న డీటీపీ షాపులో కూర్చుని చెబుతాడు. టైపు చేసే అమ్మాయి చెప్పింది చెప్పినట్టు కొట్టి నాకు మెయిల్లో పంపుతుంది. దగ్గు వచ్చిన చోట వాక్యం తెగిపోయి ఉంటుంది. చేత్తో చూపించి వదిలేసిన చోట మాటే ఉండదు. ఆ ఖాళీలు పూరించడం నా పని. సందేహాలను ఒక నోటుబుక్కులో వరుస సంఖ్య వేసి రాసుకుంటాను. ఫోను చేసి ఒక్కొక్కటే అడుగుతాను. జవాబును నేరుగా కంప్యూటరులో ఎక్కించి, నోటుబుక్కులో ఆ ప్రశ్న ఎదుట టిక్కు పెడతాను. ఒకే విషయం రెండుచోట్ల రాస్తే కొన్నాళ్ళకు రెండింటికీ పొంతన ఉండదని బడి ఉద్యోగం నాకు నేర్పింది. అందుచేత ప్రశ్నలు కాగితం మీద, జవాబులు యంత్రంలో. ఈ ఏర్పాటు చక్కగా ఉందని లోలోపల సంతోషపడ్డాను కూడా.

మరొక అలవాటు కూడా చెప్పాలి. షాపు నుంచి మెయిలు రాగానే, ఆ మెయిల్లోనే ఫైలు మీద నొక్కి తెరిచేదాన్ని. అక్కడే దిద్ది, అక్కడే భద్రపరిచేదాన్ని. మరునాడు ప్రోగ్రాం తెరవగానే, ఇటీవల వాడిన ఫైళ్ళ వరుసలో దాని పేరు పైనే కనబడేది. నొక్కితే నా దిద్దుబాట్లన్నీ ఉండేవి. అది యంత్రంలో ఏ మూల ఉంటోందో అడగవలసిన అవసరమే రాలేదు. పిలవగానే పలికే మనిషిని రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటున్నావని ఎవరడుగుతారు?

ఎర్రగీత సంగతి చూడడానికి బస్టాండు దగ్గర రిపేరు షాపు నడిపే ఆయన మా ఇంటికి వచ్చాడు. నలభై దాటిన మనిషి. కుర్చీలో కూర్చోకుండానే వంగి చూసి ఈల వేశాడు.

"ఏం పెద్దమ్మా, ఇట్లా నింపేసినావే! పెండ్లి ఇంట్లో సామాను దించినట్లుండాది."

"నేను నింపలేదు. నా ఫైళ్ళన్నీ కలిపినా అందులో ఒక మూలకు రావు."

"నువ్వు నింపకున్నా అదే నింపుకుంటాది. టెంప్ ఫైళ్ళు. ప్రోగ్రాములు పని చేసుకుంటా పారేసుకునే చిత్తుకాగితాలు. అన్నీ ఒకేసారి పట్టుకోని కొట్టేస్తే సరిపాయె."

"చిత్తుకాగితాలని ఎవరు నిర్ణయించారు?"

"ఎవరేందీ? దాని పేరే తాత్కాలికం కదా."

"పేరుదేముందప్పా. నేను చేరిన ఏడు మా బడిలో తాత్కాలికమని రేకుల షెడ్డు వేశారు. నేను రిటైరయిన రోజున కూడా ఆరో తరగతి అందులోనే జరిగింది."

అతను గట్టిగా నవ్వి కుర్చీ లాక్కున్నాడు. తెర మీద పేర్ల వరుస తెరుచుకున్నది. అక్షరాలూ అంకెలూ కలగలిసిన, మనిషి పెట్టని పేర్లు. అన్నింటినీ ఒక్క దెబ్బతో నీలిరంగులోకి తెచ్చాడు. అతని ఎడమచెయ్యి ఇంకొక మీట మీద ఉండడం చూశాను.

"షిఫ్టు ఎందుకు పట్టుకున్నావు?"

"పట్టుకుంటే బుట్టలోకి పోకుండా ఒకేసారి మాయమైతాది. మళ్ళా బుట్ట ఊడ్చే పని ల్యాకుండా."

"చెయ్యి తియ్."

"పెద్దమ్మా, చెత్త..."

"చెయ్యి తియ్యప్పా."

తీశాడు. కోయిలకుంట్ల వైపు నేను పనిచేసిన బడిలో పాత రికార్డులు తొలగించడానికి ఒక పద్ధతి ఉండేది. ఏవి తీసేస్తున్నామో పట్టిక రాయాలి. ఇద్దరు సంతకం చేయాలి. ఆ తరువాత కూడా మూటగట్టి, గడువు తీరేదాకా ఒక మూలన ఉంచాలి. ఎవరైనా వెతుక్కుంటూ వస్తారేమోనని. ఒకసారి సంజామల నుంచి ఒక తండ్రి తన బిడ్డ పుట్టినతేదీ కోసం వచ్చి, అలాంటి మూట విప్పించుకుని కాగితం నకలు పట్టుకుపోయాడు. ఆ మూట మరునాడు చిత్తుకాగితాలవాడికి పోవలసింది. ఈ కథంతా రిపేరు ఆయనకు చెప్పాను. గోడ గడియారం వైపు చూస్తూ విన్నాడు.

"సరే. బుట్టలోనే ఏస్తా. వారం పెట్టుకోండి."

ఫైళ్ళు బుట్టలోకి పోతుండగా ఒకటి మొరాయించింది. అది తెరిచి ఉన్నందువల్ల తీయడం కుదరదని యంత్రం అన్నది. "ఏందో ఒకటి తెరిచిపెట్టుకున్నారు, ఉండనీలే" అని, నేను పేరు చదివేలోగా దాన్ని దాటించేశాడు. అంతా అయింది. ఎర్రగీత ఎర్రగానే ఉంది.

"ఖాళీ కాలేదే?"

"బుట్టలో ఏసినా బుట్ట ఇంట్లోనే ఉండె కదా పెద్దమ్మా! వీధిలో పారబోస్తేనే ఇల్లు ఖాళీ అయ్యేది."

ఆ మాట నిజమే. అయినా బుట్ట పారబోయనివ్వలేదు. అప్పుడతను యంత్రంలోనే ఉన్న శుభ్రం చేసే పనిముట్టు తెరిచాడు. అందులో ఏది ఎందుకు ఉందో, తీసేస్తే ఏమవుతుందో ఒక్కొక్క దాని కింద రాసి ఉంది. ఈ పనిముట్టు ముందే ఎందుకు తీయలేదని అడిగాను. చదివే ఓపిక ఎవరికుందని అతను ఎదురు ప్రశ్న వేశాడు. నాకుంది, చదివాను. పాత అప్‌డేట్ల మిగుళ్ళే అన్నింటికన్నా ఎక్కువ చోటు ఆక్రమించుకున్నాయి. వాటికి మాత్రం టిక్కు ఉంచి, డౌన్‌లోడ్ల గడిలోనూ బుట్ట గడిలోనూ టిక్కు తీయించాను. ఎర్రగీత నీలమైంది. తెరిచి ఉన్న కన్ను అధ్యాయాన్ని భద్రపరచమని నొక్కితే ఈసారి యంత్రం సరేనన్నది.

"వారం దాటినాక బుట్ట మీరే ఊడ్చుకోండి. నన్ను సంతకం గూడా పెట్టమంటారా ఏంది?" అని నవ్వాడు.

"పెట్టు" అని కాగితం ముందుకు జరిపాను. తొలగించినది ఏమిటి, ఎక్కడినుంచి, బుట్ట ఖాళీ చేయవలసిన తేదీ ఏది, అన్నీ రాసి ఉన్నాయి. అతను నవ్వు ఆపి నా ముఖం చూసి, సంతకం పెట్టి వెళ్ళాడు.

గడువు తీరే రోజు వచ్చింది. కాఫీ తాగి, ఆ కాగితం ముందు పెట్టుకుని, బుట్ట బొమ్మ మీదికి బాణం గుర్తు తెచ్చాను. అప్పుడే ఫోను మోగింది. మరిది.

"వదినా..." తరువాత దగ్గు. నేను ఆగాను. "రేపు కర్నూలు ఆస్పత్రికి పోతాండాం. ఆక్సిజను గాలి పెట్టాలంట. ఎన్నాళ్ళో చెప్పల్యా."

"నువ్వు మాట్లాడవద్దు. ఫోను నీ భార్యకియ్యి."

"ఆమెకిస్తే నాకు వంతు రాదులే." మళ్ళీ దగ్గు. "కొలతలు అచ్చుతీసి పంపు వదినా. ఆడ పనోళ్ళు కొత్త రాయి మొదలుపెడతాండారు. నేను ల్యాకుంటే ఎవుర్ని అడుగుతారు?"

"పంపడమెందుకు, రేపు తెల్లవారగానే నేనే తెస్తాను."

"దిద్దుకుంటా కూర్చోవాకు. తప్పులుంటే ఉండనీ."

"నా దగ్గర తప్పులుండవు" అన్నాను. ఫోను పెట్టేసి ప్రోగ్రాం తెరిచి, ముఖం కొలతల అధ్యాయం పేరు మీద నొక్కాను. ఆ ఫైలు కనబడడం లేదని వచ్చింది. దాని కింద పేరు నొక్కాను. కనబడడం లేదు. దాని కిందది. వరుసలో ఒక్క కన్ను అధ్యాయం తప్ప ఏదీ తెరుచుకోలేదు.

తడబడుతూ మెయిలు తెరిచి, అందులోని ఫైలు నొక్కాను. తెరుచుకున్నది. ప్రాణం లేచి వచ్చినట్టయింది. చదవడం మొదలుపెట్టాను. "ముఖాన్ని సమంగా మూడు భాగాలు చేసి, వెంట్రుకల మొదటినుంచి కనుబొమ్మ దాకా ఒకటి, అక్కడినుంచి ముక్కు కొన దాకా ఒకటి, ఆ కింద గడ్డం దాకా ఉన్న మూడోదాంట్లో..." అక్కడ వాక్యం తెగిపోయింది. కింది పేరాలోనూ అంతే. నేను నెలల తరబడి పూడ్చిన దగ్గులన్నీ ఎక్కడివక్కడ తిరిగి వచ్చి కూర్చున్నాయి.

నోటుబుక్కు తెరిచాను. పేజీ తరువాత పేజీ ప్రశ్నలు, ప్రతి ప్రశ్న ఎదుటా నిండుగా టిక్కు. జవాబు ఒక్కటీ లేదు. జవాబులు తెలిసిన మనిషికి నాలుగు మాటలకు మించి ఊపిరి లేదు. ఆ ఊపిరిని కూడా రేపు కర్నూలు తీసుకుపోతున్నారు. ఫోను చేతిలోకి తీసుకుని, అతని పేరు దాకా పోయి, వెనక్కు వచ్చాను. రిపేరు ఆయనకు చేశాను.

"మెయిల్లోనే తెరిచి ఆడనే సేవ్ కొట్టినారా?" అన్నాడు విని. "అయ్యో పెద్దమ్మా! అట్లా తెరిస్తే అది టెంప్‌లోనే దాచుకుంటాది."

"నేను భద్రపరచమన్నాను. భద్రపరిచానన్నది! చెత్తగదిలో పెట్టి భద్రపరిచానని చెప్పడమేమిటి? ఇదేం మర్యాద?"

"అది అబద్ధం చెప్పల్యా. యాడ అని మీరు అడగల్యా, అంతే. అది సరే గానీ..." అతని గొంతు మారింది. "బుట్ట ఊడ్చినారా?"

బాణం గుర్తు ఇంకా ఆ బొమ్మ మీదే నిలిచి ఉంది.

"లేదు."

"బతికించినారు. దాని మీదినుంచి చెయ్యి తీయండి ముందు."

వారం కిందట అతనికి నేను చెప్పిన మాటే నాకు తిరిగి వచ్చింది. చెయ్యి తీశాను. అతను ఫోనులో చెబుతుంటే ఒక్కొక్కటే చేశాను. బుట్ట తెరిచి, వేల పేర్లలో టైపు ఫైళ్ళు ఒకచోటికి వచ్చేటట్టు వరుస మార్చాను. అధ్యాయాల పేర్లు బయటపడ్డాయి. ఒకే పేరు పక్కన అంకెలు చేరి రెండు మూడు ఉన్నాయి. ఏది చివరిదో తేదీ చూసి పోల్చుకున్నాను. వెనక్కు రప్పిస్తే ఫైలు వచ్చిన చోటికే, అంటే ఆ తాత్కాలికపు గదికే పోతుందనీ, వెంటనే అక్కడినుంచి తీసి వేరే చోట పెట్టాలనీ అతను హెచ్చరించాడు. నా పేరుతో ఒక కొత్త సంచి, అదే ఫోల్డరు, తెరిచి ఒక్కొక్కదాన్ని అందులోకి నకలు చేశాను. తెరిచి, నోటుబుక్కులోని ప్రశ్న పట్టుకుని, జవాబు ఉందో లేదో చూసి, తరువాతిది ముట్టుకున్నాను. పెన్‌డ్రైవులోకీ ఎక్కించాను. ఆ రోజు మొరాయించిన ఫైలు కన్ను అధ్యాయమేనని అప్పుడు తెలిసింది. తెరిచి ఉంది కాబట్టి అది ఆ గదిలోనే కదలకుండా మిగిలింది.

మధ్యాహ్నం భోజనం మాట మరిచిపోయాను. అన్నీ దొరికాయి, ఒక్క మొదటి అధ్యాయం తప్ప. బుట్టలో లేదు. గదిలో లేదు.

"మెయిలు ప్రోగ్రాం మూసేటప్పుడు ఒక్కోసారి అదే ఊడ్చుకుంటాది" అన్నాడతను. "అది ఎన్నడో పోయుంటాది పెద్దమ్మా. నా మీద ఏయొద్దు. సంతకం పెట్టింది వేరే వాటికి."

మొదటి అధ్యాయం రాతిని ఎంచుకోవడం గురించి. ఉలి పెట్టకముందే సుత్తితో తట్టి, మోత విని, ఏ రాయి విగ్రహానికి పనికివస్తుందో, ఏది పీఠానికి మాత్రమే సరిపోతుందో, దేని లోపల పగులు దాగి ఉందో చెప్పే అధ్యాయం. దాని కోసం మరిది ఫోను రాతి దగ్గర పెట్టి తట్టి వినిపించాడు. ఒక్కొక్క మోతకూ ఒక పోలిక చెప్పాడు. ఆ పోలికలు ఎక్కిస్తున్నప్పుడు నాకు ఎంత సంతోషం కలిగిందో గుర్తుంది. పోలికలు గుర్తులేవు.

మరునాడు మొదటి బస్సుకే ఆళ్ళగడ్డ బయలుదేరాను. అచ్చుతీసిన కాగితాల కట్ట ఒళ్ళో పెట్టుకుని, శిరివెళ్ళ దాటేదాకా నోటుబుక్కులో మొదటి పేజీల టిక్కులు చెరిపాను. టిక్కులు పోయిన ప్రశ్నలన్నీ మళ్ళీ నా వైపు చూశాయి. అన్నీ అడగడానికి అతనికి ఊపిరి చాలదు. ఏవి అడగాలి, ఏవి వదిలేయాలి? రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి చివరికి మూడు మిగిల్చాను. ఏ మూడు అన్నదానిలో పొరపడ్డానేమోనన్న దిగులుతోనే బస్సు దిగాను.

షెడ్డు ముందు కారు ఆగి ఉంది. మిషన్లు ఆపేశారు. మరిది ఒక దిమ్మె మీద తుండుగుడ్డ పరుచుకుని కూర్చుని ఉన్నాడు. తోడికోడలు సంచులు సర్దుతూ, "రాక్కా. నీకోసమే ఈయప్ప కారెక్కల్యా" అన్నది. అతను కాగితాలు అందుకుని తిప్పాడు. కన్ను దగ్గర ఆగి, వేలు పెట్టి చదివి, తల ఊపాడు.

"మొదటి అధ్యాయం పోయింది" అన్నాను. ఎట్లా పోయిందో చెప్పాను.

అతను నన్ను తేరిపార చూశాడు. "నువ్వా? పోగొట్టింది?" నవ్వబోతే దగ్గు వచ్చింది.

"అందరి తప్పులకూ ఎర్రసిరా పెట్టే అక్కకు గూడా ఇంగ ఎర్రసిరా పడింది" అన్నది తోడికోడలు అతని వీపు రాస్తూ. "నువ్వు మాట్లాడొద్దు. అక్కా, అడిగేది బేగా అడుగు. డ్రైవరు గొణుగుతాండాడు."

విగ్రహానికి ఏది, పీఠానికి ఏది, పగులున్నది ఏది అన్న మూడు ప్రశ్నలూ చదివాను. అతను చిన్న సుత్తి తీసుకుని పక్కనున్న దిమ్మెను తట్టాడు. మోత సాగి, సాగి, మెల్లగా అణిగింది. 'ఇత్తడి బిందె' అని రాసి చూపించాను. తల అడ్డంగా ఊపాడు. 'నీళ్ళు లేని ఇత్తడి బిందె' అని మార్చాను. ఊపాడు, ఈసారి నిలువుగా. రెండో రాయి తట్టాడు. మోత పుట్టిన చోటే చచ్చిపోయింది. 'తడిసిన కట్టె' అన్నాను. సరేనన్నాడు.

మూడోది, ముఖం చెక్కడం పూర్తయ్యేదాకా బయటపడని లోపలి పగులుగల రాయి. తట్టాడు. నాకు మొదటి దానిలాగే వినిపించింది. మళ్ళీ తట్టి, చెవి దగ్గర వేలు పెట్టి చూపాడు. విన్నాను. తేడా తెలియలేదు. మూడోసారి తట్టి, నోరు తెరిచాడు. ఆ పోలిక అతని నాలుక మీద ఉంది. మాట బదులు దగ్గు వచ్చింది. వచ్చి, ఆగలేదు. తోడికోడలు సుత్తి లాక్కుని, "చాలు. చాలక్కా" అన్నది. నేను నోటుబుక్కు మూశాను.

అతను కారెక్కకముందు తోడికోడలి చేత ఫోనులో రికార్డు పెట్టించి, షెడ్డులోని పనివాడి చేత మూడు రాళ్ళూ వరుసగా తట్టించాను.

"అయిందక్కా. సేవ్ అయింది" అన్నదామె.

"ఎక్కడ?"

"యాడేందక్కా? ఫోన్లో."

"ఫోన్లో ఎక్కడ?"

డ్రైవరు హారను కొట్టాడు. ఆమె నన్నూ ఫోనునూ మార్చి మార్చి చూసింది. అది ఏ ఫోల్డరులో ఉందో ఆమె వెతికి చూపించి, నాకు పంపి, అది నా ఫోనుకు చేరి, తెరిచి విని, వేరే చోట పెట్టుకునేదాకా నేను కారు తలుపు వదలలేదు. లోపలినుంచి మరిది చెయ్యి ఊపాడు. నవ్వుతున్నాడని ముఖానికి అడ్డుపెట్టుకున్న గుడ్డ కదలికను బట్టి అనుకున్నాను. దగ్గు కూడా కావచ్చు.

ఇంటికి వచ్చి ఆ మోతలు ఎన్నోసార్లు విన్నాను. మొదటి దానికీ మూడో దానికీ ఏదో తేడా ఉన్నట్టు ఒక్కోసారి తోస్తుంది, రాయబోతే ఉండదు. పుస్తకంలో ఆ చోట ఒక గీత గీసి వదిలాను. నోటుబుక్కులో ఆ ప్రశ్న ఎదుట టిక్కు లేదు. రోజూ సాయంత్రం తోడికోడలు ఫోను చేసి, గాలి పెట్టారనీ, తీశారనీ, మళ్ళీ పెట్టారనీ చెబుతోంది.

బుట్టను ఖాళీ చేయవలసిన తేదీ ఎప్పుడో గడిచిపోయింది. రిపేరు ఆయన సంతకం చేసిన కాగితం మీద ఆ తేదీ కొట్టేసి, పక్కన 'మరిది తిరిగివచ్చి మూడో రాతి సంగతి చెప్పిన తరువాత' అని రాసి, ఈసారి నేనే సంతకం పెట్టాను.